గింజల కోసం వేసిన అవిసె కాడ నుంచి లినెన్ తీయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆదిలాబాద్ వైపు మీ మామయ్య వాళ్లు రబీలో అవిసె వేస్తున్నారు. గింజ నూర్చుకున్నాక కాడ పొలంలోనే తగలబెడుతున్నారు. లినెన్ గుడ్డ కూడా అవిసె నారతోనే చేస్తారని మీరు ఎక్కడో చదివారు. షాపులో లినెన్ చొక్కా గుడ్డ మీటరు వెయ్యి రూపాయలు చెబుతున్నారు. మరి కాల్చేసే ఆ కాడతో చిన్న లినెన్ యూనిట్ పెడితే నడుస్తుందా, అసలు గడ్డిలాంటి కాడ అంత చల్లటి గుడ్డ ఎలా అవుతుంది అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. గింజ కోసం పెంచిన అవిసె కాడ నుంచి నార వస్తుంది. చీరకో చొక్కాకో పనికొచ్చే లినెన్ దారం మాత్రం రాదు. తాడు, ముతక గుడ్డ, చేతి కాగితం, అట్ట లాంటి వాటికి పనికొస్తుంది. ఎవరైనా మెషిన్ అమ్మడానికి వచ్చి "ఇటు కాడ వేస్తే అటు లినెన్ దారం వస్తుంది" అంటే మాత్రం దయచేసి అడ్వాన్స్ ఇవ్వకండి.

ఎందుకు రాదో చెప్పాలంటే మొత్తం కథ చెప్పాలి. నేను వెంకటగిరిలో చేనేత డిప్లొమా చదివి, కొన్నేళ్లు నూలు కొనుగోళ్లు చూసి, ఇప్పుడు గుంటూరు వైపు 14 మగ్గాలు నడుపుతున్నాను. లినెన్ నేయించడం మొదలుపెట్టి పదిహేనేళ్లు. పుట్టిన ఊరు విజయనగరం జిల్లాలో, గోగునార పండే చోట. కాబట్టి నార కుళ్లబెట్టిన వాసన నాకు నేత కంటే ముందే తెలుసు.

ఒక చిన్న సవరణ. కింద కామెంట్లో ఒకరు "మా పెరట్లో అవిసె చెట్టు ఉంది, దాని బెరడు పనికొస్తుందా" అన్నారు. అది వేరే మొక్క. తమలపాకు తోటల్లో తీగ పాకడానికి నాటే పెద్ద చెట్టునూ అవిసె అనే అంటాం. దాని పువ్వు కూర వండుకుంటాం. ఇక్కడ మనం మాట్లాడేది అవిసె గింజల మొక్క గురించి. ఏడాదిలోపే అయిపోయే చిన్న మొక్క, నీలం పువ్వు. సంస్కృతంలో అతసి. కృష్ణుడి ఒంటి రంగును పోల్చేది ఈ పువ్వుతోనే. క్షుమ అన్నా ఇదే, పాత గ్రంథాల్లో కనిపించే క్షౌమం దీని నారతో నేసిన బట్ట. అంటే మన దేశానికి ఈ బట్ట కొత్తదేం కాదు. కానీ పత్తి ఇంత బాగా పండే చోట కాడను కుళ్లబెట్టి, కొట్టి, దువ్వి, ఇంత అవస్థ ఎవరు పడతారు? మనం గింజ ఉంచుకుని నార వదిలేశాం. ఉత్తర యూరప్‌లో పత్తి పండదు కాబట్టి వాళ్లు నార పట్టుకున్నారు.

ఇప్పుడు అసలు విషయం. పత్తి పింజ పొడవు మహా అయితే అంగుళం, అంగుళంన్నర. అవిసెలో నార కాండం బెరడు కిందుగా, వేరు దగ్గర నుంచి కొన దాకా సాగుతుంది. విడిగా చూస్తే ఒక్కో కణం అంగుళం చుట్టుపక్కలే ఉంటుంది. కాకపోతే పెక్టిన్ అనే జిగురు వాటిని ఒకదానికొకటి అంటించి పొడవాటి కట్టలుగా ఉంచుతుంది. మంచి లినెన్ నార 60 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటుంది. జానెడు కాదు, మూరెడు దాటుతుంది. విత్తు చల్లిన రోజు నుంచి దారం తీసే రోజు దాకా లినెన్ పనంతా ఆ పొడవును పోగొట్టుకోకుండా చూసుకోవడమే. గింజ పంటలో ఆ పొడవు మొదటి రోజే పోతుంది.

ఎలాగంటే, గింజ కావాలంటే మొక్కకు కొమ్మలు రావాలి. కొమ్మ ఎక్కువైతే పువ్వు ఎక్కువ, కాయ ఎక్కువ. అందుకే మన రకాలు పొట్టిగా గుబురుగా ఉంటాయి, పలచగా చల్లుతారు. కొమ్మ చీలిన ప్రతి చోటా నార కూడా చీలిపోతుంది. నార కోసం వేసేవాళ్లు దీనికి పూర్తిగా ఎదురు పని చేస్తారు. పొడుగు రకం తీసుకుని, చదరపు మీటరుకు 1500 మొక్కలకు తగ్గకుండా ఒత్తుగా చల్లుతారు. పక్కకు చోటు లేక మొక్క వెలుతురు కోసం నిటారుగా పైకి పోతుంది. మీటరు ఎత్తు, కొసన మాత్రమే రెండు మూడు చిన్న కొమ్మలు.

2017లో మా దగ్గర గుడ్డ కొనే ఒకాయన పిలిస్తే జూన్ నెలలో నార్మండీ వెళ్లాను. ఫ్రాన్స్ ఉత్తర తీరం, సముద్రం గాలి, రోజూ ఓ చినుకు. ప్రపంచంలో పొడవు నార అవిసెలో అత్యధిక భాగం అక్కడి నుంచి బెల్జియం మీదుగా నెదర్లాండ్స్ దాకా ఉన్న ఆ తీరం పట్టీలోనే పండుతుంది. పొద్దున ఎనిమిదింటికి పొలం చూస్తే చెరువు పరిచినట్టు నీలంగా ఉంది. భోజనం చేసి వచ్చేసరికి ఉత్త పచ్చటి పొలం. ఫోటో తీద్దామని కెమెరా తెచ్చుకున్నవాణ్ణి తెల్లబోయాను. అక్కడి రైతు నవ్వి నేల చూపించాడు. రెక్కలన్నీ కింద రాలి ఉన్నాయి. ఒక్కో పువ్వు ఆయుష్షు ఆ కొద్ది గంటలే. మర్నాడు పొద్దున కొత్తవి పూస్తాయి.

పూత అయిన నెల రోజులకు కాడ అడుగు భాగం పసుపు తిరుగుతుంది. అప్పుడు కొయ్యరు, వేళ్లతో సహా పీకుతారు. కోస్తే అడుగున నాలుగు వేళ్ల నార పోతుంది కదా, అందుకని. ఇప్పుడు పీకడానికి మెషిన్లు ఉన్నాయి, ఒకప్పుడు చేత్తోనే. మన దగ్గర గింజ రైతు ఏం చేస్తాడు? గింజ గలగలలాడేదాకా ఆగుతాడు. ఆగాలి కూడా. కానీ అప్పటికి కాండం కర్రబారి, నార ముదిరి గరుకెక్కిపోతుంది. గింజకు సరైన సమయం నారకు ఆలస్యం. రెండూ కావాలనుకునేవారి కోసం ద్వంద్వ ప్రయోజన రకాలున్నాయి. జీవన్, గౌరవ్ లాంటివి ఆ కోవలోవే. వాటిలోనూ రాజీ తప్పదు.

ఆ తర్వాత కుళ్లబెట్టడం. మిల్లుల వాళ్లు రెట్టింగ్ అంటారు. లినెన్ మంచి చెడ్డలు సగం ఇక్కడే తేలిపోతాయి.

మా తాత గోగు కట్టల్ని చెరువులో వేసి, పైన మట్టి గడ్డలు, అరటి బోదెలు బరువు పెట్టేవాడు. వారం దాటాక రోజూ సాయంత్రం వెళ్లి ఒక కట్టలోంచి ఒకే పుల్ల లాగి, మొదట్లో బొటనవేలి గోటితో గీరి చూసేవాడు. పొట్టు జారి నార తెల్లగా కనిపించి, పుల్ల నుంచి జిగురుగా సాగుతూ వస్తే "రేపు" అనేవాడు. రాకపోతే మాట లేదు, పుల్ల అవతల పారేసి ఇంటికి. ఆ "రేపు" ఒక రోజు అటు ఇటు అయితే నష్టమే. ఒక రోజు ముందు తీస్తే పొట్టు నారకు అంటుకునే ఉంటుంది. రెండు రోజులు ఆలస్యమైతే నార కూడా కుళ్లి చేతిలో తెగిపోతుంది. ఒక ఏడు పెళ్లికని పొరుగూరు వెళ్లి మూడు రోజులకు వచ్చాడు. ఆ ఏడు మా నార గ్రేడు పడిపోయి తక్కువకు పోయింది. పెళ్లికొడుకు మీద ఆయన కోపం చాలా ఏళ్లు తగ్గలేదు. చెరువులో చేపలు చచ్చి తేలాయని ఊళ్లో గొడవలు సరేసరి.

అవిసెలోనూ ఇదే సంగతి. బాక్టీరియా, బూజు ఆ పెక్టిన్ జిగురును తినాలి. నారను కర్రకు అంటించిన జిగురు పోవాలి, నారలోని కణాల్ని కలిపి ఉంచే జిగురు మిగలాలి. ఆ రెంటి మధ్య గీత చాలా సన్నం. బెల్జియంలో కోర్ట్రెయిక్ పట్టణం పక్కన లీస్ నదిలో పెద్ద చెక్క చట్రాల్లో అవిసె కట్టలు నిలబెట్టి, రాళ్లు ఎత్తి ముంచేవారు. ఆ నార మీగడ రంగులో బంగారంలా ఉంటుందని లీస్‌ను బంగారు నది అనేవారు. వాసన మాత్రం బంగారం కాదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి నదిలో ముంచడం పోయింది. ఇప్పుడు అక్కడంతా మంచు కుళ్లింపే. పీకిన కాడను పొలంలోనే వరుసలుగా పరిచి వదిలేస్తారు. రాత్రి మంచు, పగటి ఎండ, మధ్యమధ్య వాన. కొన్ని వారాలు పడుతుంది. రెండువైపులా సమంగా కుళ్లడానికి మధ్యలో తిరగేస్తారు. లినెన్‌కు సహజంగా ఉండే ఆ బూడిద రంగు ఆ బూజు ఇచ్చిందే. అయిందా లేదా చూడటానికి కాడను వంచుతారు. కర్ర విల్లులా వంగి, నార దాని నుంచి విడివడి విల్లు నారిలా బిగుసుకుంటే అయినట్టు.

ఇక్కడే ఆదిలాబాద్ ఆశ నీరుగారిపోతుంది. మీ పంట చేతికొచ్చేది ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడు మంచూ లేదు, వానా లేదు. పరిస్తే ఎండిపోతుంది తప్ప కుళ్లదు. చెరువులో వేద్దామంటే ఆ నెలల్లో ఉన్న నీళ్లు పశువులకే చాలవు. తొట్టెలు కట్టించుకోవచ్చు, కాకపోతే ఆ మురుగు ఎక్కడ వదలాలన్నది మరో తలనొప్పి.

కుళ్లిన కాడ ఆరాక మూడు పనులు. విరవడం, దులపడం, దువ్వడం. ముందు పళ్లున్న రోలర్ల మధ్య నలిపితే లోపలి కర్ర ముక్కలు ముక్కలవుతుంది. తర్వాత కత్తుల్లాంటి రెక్కలు తిరిగే మెషిన్లో దులిపితే ఆ ముక్కలు రాలిపోతాయి. నార్మండీలో ఆ షెడ్డులో పది నిమిషాలున్నాను, బయటికి వచ్చాక జుట్టంతా పుల్లపొట్టు. వాళ్లు ఏదీ పారెయ్యరు. పొట్టును గుర్రాల కింద పరుపుగా, పార్టికల్ బోర్డుకు అమ్ముతారు. తెగిన పొట్టి నార తాళ్లకు, కాగితానికి పోతుంది. గింజ ఎలాగూ ఉంది. ఇన్ని తీసేశాక మేలైన పొడవు నార మొత్తం కాడ బరువులో ఐదో వంతు మిగిలితే బాగా వచ్చినట్టు. అంతా కలిసొస్తేనే అది. మీ కాడలో ఆ భాగం దాదాపు సున్నా, వచ్చేదంతా పొట్టి నారే.

చివరిది దువ్వడం. ఉక్కు ముళ్లు పాతిన దువ్వెనల గుండా నారను లాగుతారు. మొదట వెడల్పు పళ్లు, తర్వాత సన్నవి. చిక్కులు, పొట్టివి కిందికి పోయి, పొడవైనవి ఆడపిల్ల జడ విప్పినట్టు మెరుస్తూ మిగులుతాయి. ఇంగ్లీషులో సభలో మాట్లాడేవాణ్ణి అడ్డు ప్రశ్నలతో సతాయించడాన్ని హెక్లింగ్ అంటారే, ఆ మాట ఈ పని నుంచే వచ్చింది. స్కాట్లాండ్‌లో డండీ ఊరి నార దువ్వేవాళ్లు నోరున్నవాళ్లని పేరు. మనవాళ్లు పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వుతారు. దేశం వేరు, పీచు వేరు, దువ్వితే గానీ సన్న దారం రాదన్న తెలివి ఒకటే.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. పొందూరు వాళ్లు చేత్తో అంత సన్నం వడుకుతారు కదా, వాళ్ల చేత అవిసె వడికించొచ్చు కదా? నేనూ అదే అనుకున్నాను. నాగపూర్ దగ్గర తెలిసినవాళ్ల పొలం నుంచి గింజ తీసిన కాడ రెండు గోనె సంచులు తెప్పించి, మా ఇంటి వెనక సిమెంటు తొట్టిలో నానబెట్టాను. పదకొండో రోజుకు ఇంట్లో వాళ్లు ఇల్లో తొట్టో ఎంచుకోమన్నారు. ఆరబెట్టి, బండ మీద కర్రతో కొట్టి, గొర్రె ఉన్ని దువ్వెనతో దువ్వితే దోసెడు నార తేలింది. పట్టుకెళ్లి పొందూరు పక్క ఊళ్లో రాట్నం తిప్పే ఒక పెద్దావిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది పత్తి కాదు నాయనా, కొబ్బరి పీచు చెల్లెలు" అంది. అయినా కూర్చుంది. ఏకు నుంచి పత్తి లాగినట్టు లాగితే దారం రాలేదు, ముక్కలు వచ్చాయి. కాసేపటికి ఆవిడే పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని వేళ్లు తడుపుతూ లాగింది. అప్పుడు వచ్చింది, గోనె కుట్టే పురికొస లావున. యూరప్‌లో రాట్నం తిప్పిన ఆడవాళ్లూ ఇలాగే నీళ్లతోనో ఉమ్మితోనో వేళ్లు తడుపుకునేవారు. ఎవరూ చెప్పకుండా ఆవిడ గంటలో అక్కడికి చేరుకుంది.

ఆ తడిలోనే మిల్లు దారం కిటుకు కూడా ఉంది. అవిసెను మెషిన్ మీద వడకడం పత్తి కంటే చాలా ఆలస్యంగా కుదిరింది. 1810లో నెపోలియన్ అవిసె వడికే యంత్రం చేసినవారికి పది లక్షల ఫ్రాంకులు ఇస్తానన్నాడు. ఫిలిప్ ద జిరార్ అనే ఫ్రెంచి ఆయన చేసి చూపించాడు, బహుమతి మాత్రం చేతికి రాలేదు. 1825లో ఇంగ్లండ్‌లో జేమ్స్ కే నారను నీళ్లలో బాగా నానబెట్టి వడకడం పేటెంట్ చేశాడు. ఈరోజుకీ సన్న లినెన్ అంతా తడి పద్ధతే. నార పాయను దాదాపు 60 డిగ్రీల వేడినీళ్ల తొట్టి గుండా లాగుతారు. మిగిలిన జిగురు మెత్తబడి లోపలి కణాలు ఒకదాని మీద ఒకటి జారతాయి, అప్పుడు ఎంత సన్నమైనా సాగుతుంది. ఇన్ని నెలలు కాపాడుకుంటూ వచ్చిన పొడవును ఇక్కడ, చివర్లో, కావాల్సినంత మేరకే వదులుతారన్నమాట. ఇది ఇంటి వెనక షెడ్డులో పెట్టే మెషిన్ కాదు, కోట్లలో పని. మన దేశంలో ఇది చాలాకాలంగా చేస్తున్నది పశ్చిమ బెంగాల్లో రిష్రా దగ్గరున్న జయశ్రీ టెక్స్‌టైల్స్. వాళ్లూ నారను యూరప్ నుంచే తెప్పించుకుంటారు. దేశమంతా అవిసె పండుతున్నా దారానికి నార దిగుమతి ఎందుకు అంటే, పైన చెప్పిందంతా అందుకే.

చరిత్ర నుంచి కూడా ఒక్కటి చెబుతాను, నాకు ఇష్టమైన ముక్క. ఉత్తర ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్‌ను లినెనోపోలిస్ అనేవారు. మిల్లులు రాకముందే అక్కడ పల్లెల్లో లినెన్ నేత ఉండేది. నేసిన బూడిద రంగు గుడ్డను తెల్లగా చేయడానికి పచ్చిక మైదానాల్లో పరిచి, బూడిద నీళ్లలో ఉడికించి, పుల్లటి మజ్జిగలో నానబెట్టి, మళ్లీ ఎండలో పరిచేవారు. మన చాకలి భట్టీ లాంటిదే, కాకపోతే నెలల తరబడి. రాత్రిళ్లు గుడ్డ పోకుండా కాపలాకు మైదానంలో చిన్న గుండ్రటి రాతి గదులు ఉండేవి. 18వ శతాబ్దంలో అక్కడ ఆరేసిన గుడ్డ దొంగిలిస్తే ఉరిశిక్ష కూడా పడేది. 1799లో చార్లెస్ టెనెంట్ బ్లీచింగ్ పౌడర్ పేటెంట్ తీసుకున్నాడు. నెలల పని రోజుల్లోకి వచ్చింది, మైదానాలు క్రమంగా ఖాళీ అయ్యాయి. ఇప్పుడు మన మున్సిపాలిటీ వాళ్లు కాలవ పక్కన చల్లేది ఆ పౌడరే.

సరే, నేత దగ్గరికి వద్దాం. మీకు కాడ కాకపోయినా లినెన్ మీదే మనసుంటే, దారం కొని నేయించడం చేయదగ్గ పని. కానీ నేను పడ్డ గుంటల్లో మీరు పడకండి.

మొదటి గుంట కౌంటు, అంటే దారం ఎంత సన్నమో చెప్పే లెక్క. అంకె పెరిగేకొద్దీ దారం సన్నం. లినెన్ దారాన్ని "లీ" అని లెక్కిస్తారు. పౌను దారంలో 300 గజాల చిలపలు (దారం చుట్టలు) ఎన్నో అది లీ. పత్తికి 840 గజాల చిలపలు. అంటే లీని 2.8తో భాగిస్తే పత్తి కౌంటు వస్తుంది. 100 లీ లినెన్ మన లెక్కలో 36 కౌంటు లావు. నేను మొదటిసారి 100 లీ అంటే మంగళగిరి 100 కౌంటులా ఉంటుందనుకుని 80 నంబరు అచ్చు (పడుగు పోగులు దూర్చే దువ్వెన లాంటి పట్టీ) సిద్ధం చేయించాను. పడుగు, అంటే నిలువు పోగులు, అచ్చులో పట్టలేదు. పట్టినంతవరకు ఒరుసుకుని పీచు లేచిపోయింది. డిప్లొమా చదివినవాణ్ణి, పుస్తకంలో ఈ లెక్క పరీక్ష కోసం బట్టీ కొట్టినవాణ్ణి. 60 నంబరు అచ్చుకు దిగాక గాని మగ్గం కదల్లేదు.

రెండో గుంట పొడి. లినెన్ పోగు బలమైనదే, పత్తి కంటే బలం. కానీ సాగదు. పత్తి పోగు లాగితే ఏడు శాతం దాకా సాగి తెగుతుంది, లినెన్ రెండు మూడు శాతానికే టప్పున తెగుతుంది. గుడ్డ నలిగితే మడత అలాగే నిలబడిపోయేదీ ఆ సాగని గుణం వల్లే. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు మా మగ్గం మీద ఒక్క గంటలో నలభై పోగుల దాకా తెగాయి. మా పెద్ద నేతగాడు నాడె పక్కన పెట్టి, "ఇది తడిస్తే తాడు, ఎండితే గాజు" అని బీడీ వెలిగించుకున్నాడు. చెప్పింది నిజం, తడిస్తే లినెన్ బలం పెరుగుతుంది. ఆ మర్నాటి నుంచి ఏం చేశామంటే, తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి పదకొండుకు ఆపేశాం. పడుగు కింద తడి గోనెలు పరిచాం. గంజి కాస్త చిక్కగా పెట్టి చెంచా కొబ్బరి నూనె కలిపాం. పోగును అదిమే పలక దెబ్బ తగ్గించాం. స్టాండు మగ్గం మీద నుంచి గుంట మగ్గానికి మార్చాక తెగడం సగానికి సగం తగ్గింది. నేలలోని చెమ్మ పడుగుకు అందుతుంది కదా. గుంట మగ్గం పాతకాలపుది అని పూడ్చేస్తున్నవాళ్లు లినెన్ చేయాలనుకుంటే ఒక్కటైనా ఉంచుకోవాలి.

ఇంత తలనొప్పి పడలేక చాలామంది పడుగు నూలు, పేక (అడ్డం పోగు) లినెన్ వేస్తారు. నేనూ వేస్తాను. తప్పు లేదు, ఆ మాట చెప్పి అమ్మాలి. చెప్పకుండా "ప్యూర్ లినెన్" అంటేనే పేచీ.

మూడో గుంట నకిలీ. ఒక వ్యాపారి నాకు లినెన్ అని విస్కోస్ (కర్ర గుజ్జుతో చేసే కృత్రిమ పీచు) కలిసిన దారం అంటగట్టాడు. రంగు అద్దినప్పుడు చారలు తేలాకగాని తెలియలేదు, అప్పటికి డబ్బు చెల్లించేశాను. కాల్చి చూడమని అందరూ చెబుతారు. పత్తి, లినెన్, విస్కోస్ మూడూ కాగితంలాగే కాలుతాయి, పాలిస్టర్ ఉంటే తప్ప ఆ పరీక్షతో ఏమీ తేలదు. నేను చేసేది ఇది. పోగు పురి విప్పి మెల్లగా లాగి తెంపుతాను. లినెన్ అయితే తెగిన కొసలు సూదుల్లా నిటారుగా, పొడుగ్గా ఉంటాయి. పత్తి కొస కుచ్చులా ఉంగరం తిరుగుతుంది. ఇంకొకటి, ఒకే ఒక పీచు తడిపి, ఒక కొస పట్టుకుని రెండో కొస మీ వైపు ఉండేలా ఆరనివ్వండి. అవిసె పీచు ఆరుతూ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. జనుపనార ఎదురు తిరుగుతుంది. పత్తి అటూ ఇటూ తిరుగుతుంది. రామీ అనే మరో బెరడు నార కూడా అవిసెలాగే తిరుగుతుంది కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పెద్ద సరుకైతే ల్యాబుకు పంపండి, ఆ ఖర్చు దండగ కాదు.

ఇక మీ కాడ సంగతి. ఊరికే తగలబెట్టడం కంటే చేతి కాగితం చేసేవాళ్లను, అట్టల మిల్లులను అడిగి చూడండి. రవాణా ఖర్చు గిట్టితే అదే మంచి దారి. పొట్టి నారను రసాయనాలతో మెత్తబరిచి పత్తితో కలిపి వడికే "కాటనైజ్డ్" పద్ధతి ఒకటుంది, అది మిల్లు స్థాయిలోనే గిట్టుబాటు. నిజంగా నార పంటే వేయాలనుంటే బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థకు ఉత్తరం రాయండి. వాళ్లు అవిసె నార మీదా పనిచేస్తున్నారు. విత్తనం గురించి, మీ ప్రాంతపు ఉష్ణోగ్రత గురించి వాళ్లు చెప్పేదానికి విలువ ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఖర్చు లేని పని ఒకటి. వచ్చే రబీలో మామయ్య గారి చేలో ఓ మూల రెండు చదరపు గజాలు అడగండి. అక్కడ మామూలు కంటే మూడు నాలుగు రెట్లు ఒత్తుగా చల్లి, పూత అయిన నెలకు, గింజ ముదరకుండానే, వేళ్లతో పీకండి. పక్కనే గింజకు వదిలిన మొక్క ఒకటి తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి కాండాలు కొలవండి. తర్వాత పీకిన కట్టను నానబెట్టి, ఐదో రోజు నుంచి రోజూ ఒక పుల్ల గీరి చూడండి. తొట్టి మాత్రం ఇంటికి దూరంగా, గాలి మీ వైపు రాని చోట పెట్టుకోండి.